ఎర్ర బస్సులో వనభోజనాలు

ఎనభై అయిదు కార్తీకంలో వనభోజనాలకి తోట అడిగిపెట్టింది సూర్యకాంతమే. నూజివీడు ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పే టీచరు మాట కాదనలేక, మామిడి వర్తకుడు నారాయణరావు హనుమాన్ జంక్షన్ రోడ్డు మీదున్న తన తోట ఇచ్చాడు. వీధి వీధంతా ఓ లారీ, నాలుగు జీపులు మాట్లాడుకుని బయలుదేరింది. బండి ఉసిరి చెట్టు నీడదాకా పోవాలి గదా మరి, నాలుగడుగులు నడిస్తే పుణ్యం తరిగిపోదూ! ఆ లారీ వెనక్కి తిరగబోయి పదిహేను అంటు మొక్కల్ని నేలమట్టం చేసింది. సాయంత్రానికి ఆకులన్నీ దుమ్ము కొట్టుకుపోయాయి.

ఎనభై ఆరు కార్తీకం వచ్చేసరికి నారాయణరావు తోట ఇవ్వనన్నాడు. సూర్యకాంతం తలకొట్టేసినట్టయి తనే అతని కొట్టుకి వెళ్లింది.

“మనుషుల మీద నాకు కోపం లేదండీ టీచరుగారూ. ఆ బళ్ల మీదే,” అన్నాడతను.

“ఒక్క చక్రం కూడా మీ గేటు దాటదు. అందరం ఆర్టీసీ బస్సులో వస్తాం,” అనేసింది ఆవిడ.

“సరేనండీ. దాటిందంటే మాత్రం మళ్లీ ఎప్పుడూ అడగొద్దు.”

మాటైతే ఇచ్చింది గానీ దార్లో బెంగ పట్టుకుంది. నీళ్లు, నీడ, ఉసిరి చెట్టు ఉన్న తోట ఆ వీధికి ఇంకొకటి దొరకదు.

బస్సులో వనభోజనాలేంటని మగవాళ్లు సణిగారు. సణుగుడుకి ఆవిడ భయపడలేదు. అసలు అడ్డం పడింది వెంకటరత్నమ్మ. డెబ్బై ఏళ్ల ఆ పెద్దావిడ వండితేగానీ వీధిలో సగం మంది విస్తరి ముందు కూర్చోరు. జీపులొచ్చాక ఆవిడ తెల్లవారుజామునే ఇంట్లో మడిగా వండేసి, గిన్నెలతో సహా ముందు సీట్లో కూర్చుని వెళ్లేది.

“బస్సులో పదిమందీ తగులుతారు. నా మడి ఏం గావాలే?” అంది వెంకటరత్నమ్మ.

“మీ చిన్నప్పుడు జీపుల్లేవు గదా పిన్నిగారూ. ఎలా వండేవాళ్లు?”

“తోటలోనే స్నానం చేసి, తడిబట్టతో అక్కడే వండేవాళ్లం.”

“ఇప్పుడూ అంతేనండీ. పచ్చి సరుకుకి మైల లేదు. తోటలో మోటారుంది.”

“చూద్దాంలే,” అంది పెద్దావిడ. ఆవిడ చూద్దాంలే అంటే అవునో కాదో బ్రహ్మకి కూడా తెలియదు.

ఆదివారం ఏడింటికి బస్టాండులో ముప్పైమంది దాకా చేరారు. బియ్యం సంచులు, గుమ్మడికాయలు, ఖాళీ గిన్నెలు బస్సెక్కేశాయి. వెంకటరత్నమ్మ జాడ లేదు. కండక్టరు శౌరి రెండుసార్లు వాచీ చూసుకున్నాడు.

“ఆవిడ కోసం ఓ జీపు మాట్లాడదాం, ఒక్కటేగా,” అన్నారెవరో. అందరూ తలలూపారు. సూర్యకాంతానికి ఏడుపొచ్చినంత పనయింది. ఒక్కటైనా అది జీపే. తను వద్దంటే వంట లేదు, సరేనంటే తోట లేదు.

అప్పుడొచ్చింది వెంకటరత్నమ్మ, చంకలో పొడి చీర, చేతిలో గరిటె. “ఏం చూస్తారు, జరగండి,” అంటూ బస్సెక్కింది. శౌరి ఆవిడకి ముందు సీటు ఖాళీ చేయించి, తోట గేటు దగ్గర బస్సు ఆపించాడు.

పెద్దావిడ మోటారు కింద స్నానం చేసి, మూడు రాళ్ల పొయ్యి పెట్టించి గుమ్మడికాయ పులుసు కాచింది. పిల్లలు చెట్ల కింద అరుచుకుంటూ తిరిగారు. ఈసారి బళ్ల రొద లేక తోటలో పిట్టల గోల కూడా వినబడింది. నారాయణరావు ఆఖరి బంతిలో కూర్చుని పులుసు రెండుసార్లు వేయించుకున్నాడు.

“వచ్చే ఏడు మీరు అడగక్కర్లేదండీ. గేటు నేనే తీసి ఉంచుతాను,” అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

సూర్యకాంతానికి కడుపు నిండిపోయింది.

సాయంత్రం పెద్దావిడ అలసిపోయిందని నారాయణరావే తన జీపు లోపలికి తెచ్చాడు. “మామ్మగారూ, ఎక్కండి. ఇంటి దగ్గర దింపుతాను.”

వెంకటరత్నమ్మ జీపు వంక, దాని పక్కనున్న లేత మొక్కల వంక చూసింది.

“నీ తోటలోకి నువ్వే బండి తెచ్చావేంట్రా? చూసుకుంటూ వెనక్కి తీసుకుపో.”

నారాయణరావు జీపు వెనక్కి నడిపాడు. పెద్దావిడ కొంగు బిగించి రోడ్డు వైపు నడుస్తూ సూర్యకాంతాన్ని పిలిచింది.

“వచ్చే ఏడు ఆరింటికి బస్సుందేమో కనుక్కోవే. ఇవాళ వంట ఆలస్యమైపోయింది.”