తుడిచేసిన నీటిబొట్టు

ఆఫీసులో ఆయన్ని అందరూ తాళంచెవులాయన అంటారు. మూర్ఛ వచ్చినప్పుడు మెదడులో అదుపు తప్పే ప్రొటీన్ ఒకటుంది. అది తాళమైతే, దానికి సరిపడే మందును కంప్యూటర్లో వెతకడం ఆయన పని. నాలుగేళ్లలో లక్షల తాళంచెవులు పెట్టి చూశాడు. కళ్లజోడు నంబరు మూడుసార్లు మారింది, తాళం మాత్రం ఊ అనలేదు.

ఇంట్లో ఆయనకో అక్క. మూడు రకాల మాత్రలు మింగినా ఫిట్స్ ఆగవు. అందుకని స్నానాల గదికి గడియ పెట్టుకోనివ్వరు. నీళ్లు పోసుకున్నంతసేపూ పాడుతూనే ఉండాలి. పాట ఆగితే ఎవరో ఒకరు తలుపు తోసేస్తారు. నలభై రెండేళ్ల మనిషి! పైగా గొంతు అంతంతమాత్రం.

"అక్కా, ఇవాళ ఫిట్స్ మాకొచ్చేలా ఉన్నాయే" అనేవాడు బయట కాపలా కూర్చున్న తమ్ముడు.

"మందు కనిపెట్టరా వెధవా, నోరు మూసుకుంటాను" అనేది లోపల్నించి.

కిందటేడు నలభై ఏడో నంబరు మందు తాళంలో చక్కగా అమిరింది. కంప్యూటర్ అంత మంచి మార్కు ఎన్నడూ వెయ్యలేదు. మందుగా మారాలంటే ఇంకా పదేళ్ల దారి అని ఆయనకు తెలియదా? తెలుసు. ఆ పూట మరిచిపోయాడు. ఇత్తడి గడియ కొనుక్కొచ్చి స్నానాల గది తలుపుకి లోపలివైపు తనే బిగించాడు, వంకరగా. "మందొచ్చాక వేసుకో" అన్నాడు. అక్క దాన్ని రోజూ తుడిచేది, వేసేది కాదు.

ఇవాళ పొద్దున్న పరీక్షలు చేసే మేడమ్ పిలిచింది. "మీ నలభై ఏడుని కణాల మీద పోశామండీ. పోసినట్టు వాటికి తెలియనే లేదు."

సాయంత్రం దాకా వెతికితే తప్పు దొరికింది. పని మొదలుపెట్టే ముందు, ఇల్లు ఊడ్చినట్టు, కంప్యూటర్లోని ప్రొటీన్ బొమ్మలో నీటిబొట్లన్నీ తుడిచెయ్యడం వాళ్ల అలవాటు. అందులో ఒక్క బొట్టు చెత్త కాదు, తాళంలో భాగమే. నలభై ఏడు కూర్చున్నది సరిగ్గా దాని కుర్చీలో. నిజం మెదడులో ఆ బొట్టు లేవదు, ఎవర్నీ కూర్చోనివ్వదు. తక్కిన మందులన్నీ నమ్ముకున్నదీ ఆ ఖాళీనే. ఆఫీసులో పెద్దాయన విని, ప్రాజెక్టు మూసేద్దామన్నాడు.

ఇంటికొచ్చేసరికి అక్క స్నానాల గదిలో పాడుతోంది. మొహం చూసి చెప్పే ధైర్యం లేక తలుపుకి చెప్పాడు.

"అక్కా, ఆ మందు పని చెయ్యదే. తప్పు నాదే. ప్రాజెక్టు కూడా మూసేస్తున్నారు."

పాట ఆగిపోయింది.

కళ్లు గట్టిగా మూసుకుని తలుపు తోశాడు. కాలు తగిలి బకెట్ బోర్లా పడింది.

"ఫిట్స్ కాదురా" అంది అక్క. "ఏడుస్తున్నాను. తలుపు దగ్గరికెయ్యి."

వేసి, తడిసిన కాళ్లతో గుమ్మం బయట కూర్చున్నాడు. కాసేపటికి అక్క, ఏడుస్తూనే, పాట మళ్లీ ఎత్తుకుంది. ఎత్తుకోకపోతే వీడు మళ్లీ వచ్చిపడతాడు మరి.