చెంప మీద చెయ్యి

మా సేవా సంస్థకి ఏఐ పాలసీ ఒకటి ఉండాలని విరాళాలిచ్చేవాళ్ళు కబురు పెట్టేదాకా, అది లేకుండా బతుకుతున్నామన్న సంగతే మాకు తెలియదు. గుంటూరు బ్రాడీపేటలో మందుల షాపు పైన రెండు గదులు మా ఆఫీసు. ఎండుమిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ పిల్లల కోసం కోల్డ్ స్టోరేజీల పక్కన ఒక శిశుకేంద్రం నడుపుతాం. పాలసీ లేకపోతే వచ్చే ఏడు దానికి డబ్బు రాదు.

నివేదికలు రాసేది నేనే కాబట్టి పాలసీ కూడా నా నెత్తినే పడింది. రిటైరైన లెక్చరరు మా కార్యదర్శి గారు. మొదటి వాక్యాలు ఆయనే చెప్పారు.

"లేని మనిషిని ఉన్నట్టు చూపించం. ఉన్న మనిషిని అడక్కుండా చూపించం. రాయమ్మా."

ఆయన వెనక గోడకి పోయినేటి నివేదిక అట్ట వేలాడుతోంది. దాని మీద తొడిమలు తీస్తూ, ఒక చెయ్యి చెంపకి ఆనించుకుని, హాయిగా నవ్వుతున్న ఒకావిడ. ఆ బొమ్మని ఆయనే ముచ్చటపడి ఏఐతో చేయించారు. మిరపకాయ పట్టుకున్న చెయ్యి మొహానికి తగిలితే ఏమవుతుందో గుంటూరులో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అయినా ఆ రోజు ఆఫీసులో అందరూ బాగుందనే అన్నారు. నాకు ఒళ్ళు మండింది కానీ, ఆయన చెప్పిన వాక్యాలు మాత్రం బాగున్నాయి. రాసుకున్నాను.

పాలసీ చూడటానికి విరాళాల సంస్థ తరఫున హైదరాబాదు నుంచి ఒక అధికారిణి వచ్చారు. మొదటి పేజీ చదివి మెచ్చుకున్నారు. తర్వాత గోడ వైపు చూసి, "ఈవిడని ఒకసారి కలవాలండి" అన్నారు.

"ఊరెళ్ళిందండి. వినుకొండ" అన్నారు మా కార్యదర్శి గారు తడుముకోకుండా.

పాలసీ మీద ఆయన సంతకం ఇంకా ఆరలేదు.

"ఈవిడ ఎక్కడా లేదండి. కంప్యూటరు చేసిన బొమ్మ" అన్నాను నేను. ఆయన నన్ను మింగేసేలా చూశారు. అధికారిణి కోప్పడలేదు. మీ పాలసీ ప్రకారమే అసలు మనిషిని అడిగి, ఫొటో తీసి పంపండి అని చెప్పి వెళ్ళిపోయారు.

మర్నాడు కోల్డ్ స్టోరేజీ పక్కన మిరపకాయల షెడ్డుకి వెళ్ళాను. కూతుర్ని మా కేంద్రంలో వదిలి వచ్చే ఒకామె ముక్కుకి అడ్డంగా కొంగు కట్టుకుని తొడిమలు తీస్తోంది. కళ్ళు ఎర్రగా వాచి, నీళ్ళు కారుతున్నాయి. ఆమెకి ఆ అట్ట చూపించాను. ఫొటో ఎందుకు కావాలో, వద్దనే హక్కు ఆమెకెలా ఉందో, పాలసీలో ఉన్నదంతా చెప్పాను. ఓపిగ్గా వింది. బొమ్మని చాలాసేపు చూసింది.

"నాకొద్దు మేడం. నా ఈ మొహం మా అత్తగారోళ్ళు చూస్తే పరువు పోద్ది. ఈవిడ బాగుందిగా, ఈవిణ్ణే ఏసుకోండి. మా పిల్లని ఉంచే చోటు మాత్రం తీసెయ్యమాకండి."

వద్దన్నాక వద్దే. పాలసీలో అది రాసింది నేనే. ఫొటో ఎందుకు లేదో వివరంగా రాసి పంపాను. వారం తిరక్కుండా జవాబొచ్చింది. పాలసీ చాలా బాగుందట, మిగతా సంస్థలకి నమూనాగా పంపిస్తారట. శిశుకేంద్రం సంగతి ఫొటో అందాక చూస్తారట.