అమ్మ మంచానికి తెల్లరంగు

మా చిన్నతనంలో కోడంబాక్కంలో వాన పట్టుకుందంటే అందరిళ్ళలో బట్టలు ఆరేవి కావు... మా ఇంట్లో మంచాలు ఆరేవి కావు.

నవ్వకండి. మా నాయన సినిమా షూటింగులకి సామాను అద్దెకిచ్చేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో ఇనప కుర్చీలు, బీరువాలు, ఏడు ఇనప మంచాలు. జైలు సీనంటే మంచాలకి నల్లరంగు, హాస్పిటల్ అంటే తెల్లరంగు, జమీందారు ఇల్లంటే వెండిరంగు. నిన్న ఖైదీ పడుకున్న మంచం మీద ఇవాళ పేషెంటు పడుకునేవాడు. పాత రంగు గీకే పని నాది. గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ వేళ్ళు మండిపోయేవి... అన్నం కలుపుకున్నా టర్పెంటైన్ వాసనే.

నాకు తొమ్మిదేళ్ళు. ఐప్పసి నెల, అంటే మన దీపావళి రోజులు, విడవని వాన. మా తమ్ముడు పుట్టి పన్నెండు రోజులు. అమ్మ తలకి గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని మంచం మీద ఉంది. కింద నిప్పుల కుంపటి. ఆ మంచం షెడ్డు మంచం కాదు... పెరంబూరులో ఉండే మా తాత కూతురి కోసం దగ్గరుండి చేయించింది. తలవైపు కమ్మీలు నెమలి పురిలాగా వంచి ఉంటాయి.

ఆ పూట ప్రొడక్షన్ మేనేజరు గొడుగు మడుస్తూ వచ్చాడు. ఎల్లుండి పొద్దున హాస్పిటల్ వార్డు సీను, తెల్ల మంచాలు ఎనిమిది కావాలన్నాడు.

"ఏడే ఉండాయి సార్," అన్నాడు నాయన.

"ఎనిమిదయ్యా. కుదరదంటే చెప్పు, వేరే చోట చూసుకుంటా."

నాయన చూపు ఇంట్లోకి పోయింది. అమ్మకి అర్థమైపోయింది. బిడ్డని ఎత్తుకుని మంచం దిగింది.

"రెండ్రోజులే గదా. ఈడ చాపేసుకుంటా లే," అనింది.

వద్దులే అంటాడేమోనని నాయన మొహం చూశాను... అనలేదు.

మంచం వరండాలోకి వచ్చింది. తుడిచిన చోటే ఇనుము మళ్ళీ చెమట పట్టేది. రంగేశాం. నాయన గంటకోసారి వేలు పెట్టి చూడడం, ముద్ర పడడం, వానని తిట్టి దాని మీద మళ్ళీ బ్రష్షు లాగడం... సాయంత్రం లైటేస్తే ఉసిళ్ళొచ్చి వాలాయి. ఆ రెక్కలన్నీ సూదితో ఒక్కొక్కటే తీసింది నేనే.

మర్నాడు మధ్యాహ్నానికీ ఆరలేదు. నాయన లోపలికొచ్చి, అమ్మ పక్కనున్న కుంపటి ఎత్తుకుపోయి మంచం కింద పెట్టాడు. అమ్మ కొంగు బిడ్డ మీదికి ఇంకొంచెం లాక్కుంది. ఆ రోజు నాయన మీద వచ్చిన కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

పోనీ దాని వల్ల ఒరిగిందేమన్నా ఉందా... వేడికి రంగు మీగడలాగా ముడతలు పడింది. పైన పొర, కింద పచ్చి. మళ్ళీ గీకుడు, మళ్ళీ రంగు. పొద్దున ఆ పచ్చి మంచాన్నే తోపుడు బండిలో ఎక్కించుకుపోయారు. "దుప్పటి పరిస్తే ఎవరికి కనబడుతుందయ్యా," అన్నాడు మేనేజరు.

కొన్నాళ్ళకి సినిమా వచ్చింది. ఇంటిల్లిపాదీ వెళ్ళాం. హాస్పిటల్ సీను రాగానే వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఒకటి, రెండు... ఐదు. హీరోయిన్ ఏడ్చింది, సీను అయిపోయింది. నెమలి పురి కమ్మీలు ఎక్కడా లేవు. నాయన నా వైపు తిరగకుండా తెరనే చూస్తూ కూర్చున్నాడు.

మంచం తిరిగొచ్చిందిగా అంటారేమో. వచ్చింది... షెడ్డులోకి. మా దగ్గర ఎనిమిదున్నాయని అందరికీ తెలిసిపోయింది, ఇక ఎవరొచ్చినా ఎనిమిదే అడిగేవాళ్ళు. అమ్మ నడుం నొప్పంటే "రేపు తెచ్చేస్తాలే" అనేవాడు నాయన. రేపు ఏదో ఒక షూటింగు ఉండేది. అమ్మకి చాపే అలవాటైపోయింది.

తర్వాత షూటింగులు హైదరాబాదుకి తరలిపోయాయి. నాయన కాలం చేశాడు. షెడ్డు ఉన్న చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. మంచాలన్నీ పాత ఇనుము కింద పోతుంటే ఇదొక్కటి పట్టుబట్టి తెచ్చుకున్నాను, ఇన్నాళ్ళూ బాల్కనీలో ఓ మూలన పడుంది.

ఇప్పుడు అమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి. నేల మీద పడుకోవద్దన్నాడు డాక్టరు. కొత్త మంచం కొంటానంటే "అదుంది గదా" అనింది. అందుకని పదకొండు రోజులుగా బాల్కనీలో కూర్చుని గీకుతున్నాను... తెలుపు, నలుపు, వెండి, మళ్ళీ తెలుపు. ఎన్ని పొరలో! రెండు గంటల్లో ఆరిపోతుంది మేడమ్ అన్నాడు రంగుల షాపతను. ఏ ఊళ్ళోనో అడగడం మర్చిపోయాను. ప్రైమరు వేసిన పూటే జల్లు. అది తెరిపిస్తే ఇంకో అల్పపీడనం. భుజాలు పడిపోయాయి. వదిలేయమ్మా, ఆన్‌లైన్‌లో కొనేద్దాం అని మా అమ్మాయి అరవంలో విసుక్కుంటోంది. నిజం చెప్పొద్దూ, నాకూ వదిలేయాలనే ఉంది.

మొన్న ఆఖరి కోటు వేశాను. ఇవాళ వేలు పెడితే జిగురే. బ్రష్షు పక్కన పడేసి కూర్చుంటే అమ్మ గోడ పట్టుకుని వచ్చింది.

"ఆరిందా?"

"లేదమ్మా. ఇంకో రెండ్రోజులు ఆగు."

ఆ మాట అనేశాక నాలుక్కరుచుకున్నాను. అమ్మ మంచాన్ని చూసింది, నన్ను చూసింది.

"రెండ్రోజులని నలభై ఏండ్లు ఆగినా కదమ్మా. పరుపెయ్యి," అనింది.

"చీరకి రంగంటుతుందమ్మా..."

"అంటనీ."

వేశాను. నేనిది రాస్తుంటే ఆ మంచం మీద నిద్రపోతోంది. కొంగుకి ఇంత పొడుగు తెల్లచార...

ఈ రోజుల్లో మంచం కావాలంటే ఫోన్లో వేలు నొక్కితే సాయంత్రానికి గుమ్మంలో ఉంటోంది. ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న మంచం కూడా అమ్మ దాకా రాలేదు. మీ ఇళ్ళలోనూ అమ్మదే అయ్యుండి అమ్మ వాడుకోకుండానే పాతబడిపోయిన వస్తువు ఉండే ఉంటుంది... ఏంటది?