తొమ్మిదో కుర్చీ

మొన్న ఎక్కడో విమానం కూలిందన్న వార్త వచ్చిన గంటలోపే మన టీవీలవాళ్లు బొమ్మ విమానాన్ని తెర మీద పైకి లేపి, కింద పడేసి, మళ్లీ లేపి, మళ్లీ పడేసి, చూసేవాళ్లకు అన్నం సహించకుండా చేశారు. రెండో రోజుకు బతికి బయటపడ్డవాళ్ల మీద పడ్డారు. మూడో రోజుకు వాళ్లు కూడా సరిపోక పాతకాలపోళ్లను వెతకడం మొదలుపెట్టి, మా తమ్ముడు నోరు ఆపుకోలేక నా పేరు చెప్పిన పాపానికి, వరంగల్లో మా ఇంటి మెట్లెక్కి వచ్చి, నేనిచ్చిన చాయ్ తాగుతూ, ఆ క్షణంలో మీకు ఏమనిపించింది మేడం అని అడిగాడు ఒక విలేకరి. బెల్టు ఊడిరావడం లేదు అనిపించింది, అంతకుమించి ఏమనిపించే తీరిక లేదు అన్నాను. ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. కన్నీళ్లు కావాలి కాబోలు. ఏమైనా మీది గొప్ప అదృష్టం మేడం అని తనే ముగింపు పలికాడు. చాయ్ అయిపోయిందా నాయనా, అయితే లే, ఆ మాట నా ఇంట్లో అనకు అని తలుపు చూపించాను.

సాయంత్రం తమ్ముడి ఫోను. వాడు నాకంటే నాలుగేళ్లు చిన్న, కానీ నాకు బుద్ధి చెప్పే అవకాశం ఎన్నడూ వదులుకోడు. "ఏందక్కా, ఇంటికొచ్చిన మనిషిని ఎల్లగొడ్తవా? ఆయన అన్నదాంట్ల తప్పేమున్నది? అదృష్టం కాకపోతే ఏంది మరి?" అన్నాడు. పేపర్లో కూడా అదే రాసిండ్రు కదా, నా దగ్గర ఇప్పటికీ ఆ ముక్క ఉన్నది అని కూడా అన్నాడు. ఫోను పెట్టేశాను. వాడి దగ్గర ఉన్న ఆ పేపరు ముక్క సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు. ఆ మాట ఎక్కడి నుంచి పుట్టిందో ఈ ముప్పై ఏళ్లలో వాడికి గాని, ఇంకెవరికి గాని నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

మా మేనత్త జంపఖానాలు నేసేది. నా ఈడువాళ్లకు జంపఖానా అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. మన పెళ్లిళ్లలో కూర్చున్నది వాటి మీదే, ఎండాకాలం డాబాల మీద వరుసగా పడుకున్నది వాటి మీదే, చివరికి ఇంట్లో ఎవరైనా పోతే వచ్చినవాళ్ల కోసం వాకిట్లో పరిచింది కూడా వాటినే. ఇప్పటి పిల్లలు వాటిని గోడకు తగిలించి ఫోటోలు దిగుతున్నారు, దిగనీ. మా అత్తమ్మ మగ్గం ఉన్న గదికి చిన్న కిటికీ ఒకటే ఉండేది. మబ్బు పట్టిందంటే అందులో పగలు కూడా ఏమీ కనిపించేది కాదు. అయినా ఆమె చెయ్యి ఆగేది కాదు. పోగు తెగితే చూపుడు వేలితో తడిమి, కొస పట్టి, ముడివేసి, మళ్లీ మొదలుపెట్టేది. పెళ్లయిన ఏడాదికే భర్త పోయి మా ఇంటికి వచ్చేసిన మనిషి. ఆడపిల్లకు ఇంటర్ చాలదా అని మా నాయన అంటే, ఆయనతో మూడు రోజులు మాట్లాడడం మానేసి నన్ను డిగ్రీకి పంపిన మనిషి. నా నోటి దురుసు నాకు ఎక్కడి నుంచి వచ్చిందని మావాళ్లు ఆశ్చర్యపోతారు గాని, ఆశ్చర్యానికేముంది, ఆమె మగ్గం పక్కన కూర్చుని పెరిగాను.

నేను డిగ్రీ ఆఖరు సంవత్సరంలో ఉండగా ఆమె నేసిన జంపఖానాకు ఢిల్లీలో బహుమతి వచ్చింది. ఆమెకూ తోడు వచ్చేవాళ్లకూ విమానం టికెట్లు పంపారు. మా నాయన ఆ తోడు తానేననుకుని కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. "నువ్వొచ్చి ఏం జేస్తవ్ రా, ఆడ నా ముఖం నువ్వు జూసుడు, నీ ముఖం నేను జూసుడు. బిడ్డకు హిందీ వస్తది, అదొస్తది" అని అత్తమ్మ తేల్చేసింది. అట్లా నేను దుబాసీగా బయల్దేరాను.

ఎయిర్‌పోర్టులో మొదలైంది నా తలవంపు. ఢిల్లీలో అప్పగించాల్సిన ఆ బహుమతి జంపఖానాను అత్తమ్మ చుట్ట చుట్టి భుజాన వేసుకుని వచ్చింది, సామానులో వేయమంటే వేయలేదు. ఇది సామాను కాదు అన్నది. నేను హిందీలో బతిమాలి, ఇంగ్లీషులో బతిమాలి, చివరికి ఆమెను తిట్టి కూడా చూశాను. ఆ రోజుల్లో ఇప్పటంత కట్టడి లేదు గనుక, విసుగొచ్చి వాళ్లే వదిలేశారు. విమానంలో ఆ చుట్టను కాళ్ల సందున నిలబెట్టుకుని కూర్చున్నది, బస్సులో చెరుకుగడల మోపు పెట్టుకున్నట్టు.

తర్వాత బెల్టు. ఎట్లా పెట్టుకోవాలో నేను ఒక్కసారి చూపించాను. మూత పైకి ఎత్తితే ఊడుతుంది, దూర్చితే పడుతుంది, అంతే. ఆమె పెట్టింది, తీసింది. పెట్టింది, తీసింది. కాసేపటికి కళ్లు మూసుకుని పెట్టింది, తీసింది. టిక్కు టిక్కు మని ఒకటే చప్పుడు. ముందు సీటులో కోటు వేసుకుని కూర్చున్నాయన రెండుసార్లు తల తిప్పి చూశాడు.

"చాలు అత్తమ్మా, అందరు జూస్తాండ్రు."

"చూడనీ. కొత్త మగ్గమెక్కినప్పుడు చేతికి నేర్పకుంటే ఎట్ల? కండ్లకు నేర్పితే ఏమొస్తది?"

మూడోసారి ఆ కోటాయన ఇంగ్లీషులో ఏదో గొణిగాడు. ఆమెకు అర్థం కాలేదు, నాకు అయింది. నేను లేచి ఎయిర్ హోస్టెస్ దగ్గరికి పోయి, ముందు ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటానని అడిగాను. ఖాళీ ఉంది. కిటికీలోంచి బాగా కనిపిస్తుందట, ఇప్పుడే వస్తా అని అత్తమ్మతో అన్నాను. పో బిడ్డా అన్నది. పోయాను, తిరిగి రాలేదు. అక్కడ కూర్చుని, ఆమె ఎవరో నాకు తెలియనట్టు, ఇంగ్లీషు పత్రిక ఒకటి తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

దిగేటప్పుడు పెద్ద వాన. చక్రాలు నేలను తాకిన సంగతి తెలిసింది, ఆగకుండా పోతున్న సంగతీ తెలిసింది. తర్వాత ఒక గుద్దు, లోహం చిరుగుతున్న పెద్ద చప్పుడు, దాని వెనకే పొగ. విమానం జారిపోయి ప్రహరీగోడకు కొట్టుకుని, రెక్కల వెనక భాగంలో చీలిందని తర్వాత చెప్పారు. ఆ చీలిక సరిగ్గా మా అత్తమ్మ కూర్చున్న వరుస వెనక పడింది. ఇది మనసులో పెట్టుకోండి. ఆమె వెనక్కి తిరిగి రెండడుగులు వేస్తే బయట బురద పొలం, వాన, గాలి. ప్రాణం. నేను మాత్రం ముందున్నాను. ముందున్న తలుపు తెరుచుకోలేదు.

నేను బెల్టు పట్టుకుని లాగుతున్నాను. లాగాల్సింది ఏదో తెలియక కొసను లాగుతున్నాను, లాగినకొద్దీ బిగుసుకుంటోంది. హిందీ, ఇంగ్లీషు, డిగ్రీ అన్నీ ఉన్నాయి, మూత పైకెత్తాలన్న ఒక్క ముక్క గుర్తు లేదు. కిటికీ పక్కనున్న పెద్దమనిషి నా మోకాళ్ల మీద కాలుపెట్టి దాటిపోయాడు. ఆయనను నేను తప్పుపట్టను అని రాస్తే మర్యాదగా ఉంటుంది గాని, పడతాను, ఇప్పటికీ పడతాను. నల్లటి పొగలో ఏమీ కనిపించలేదు. అప్పుడు నా తల మీద ఒక చెయ్యి పడింది. తల నుంచి భుజానికి, భుజం నుంచి కడుపుకు, తెగిన పోగును వెతికినట్టు మెల్లగా, తొందర లేకుండా దిగింది. టిక్కుమన్నది.

అంతటితో ఆగలేదు. నన్ను కొంగు పట్టుకొమ్మని, నడుమ దారికి అటువైపున్న ఒక తల్లికి, ఆమె పక్కనున్న ముసలాయనకు అట్లాగే తడిమి బెల్టులు తీసింది. అత్తమ్మ రెండు కళ్లూ గట్టిగా మూసుకుని ఉన్నాయని ముఖం ముఖానికి తగిలేంత దగ్గరికి వచ్చాక గాని నాకు తెలియలేదు. తర్వాత వెనక్కి నడిపించింది. దారి పొడుగునా కుర్చీల వీపులను అరచేత్తో కొడుతూ ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టింది. వాటిలో కొన్ని అప్పటికే కాగిపోయి ఉన్నాయి. తొమ్మిది అన్నాక వెలుతురు కనిపించింది. చిరిగిన రేకు అంచు మీద మా జంపఖానా పరిచి ఉంది. లోపలికి రాకముందే ఆమె దాన్ని అక్కడ వేసి వచ్చిందన్నమాట. ఆమె చుట్టుపక్కల వరుసలవాళ్లు అప్పటికే దాని మీద నుంచి జారి దిగారు. మేమూ దిగాం.

మూడో రోజు దవాఖానలో విచారణకు ఒక అధికారి వచ్చాడు. అత్తమ్మ రెండు చేతులకూ మణికట్టు దాకా కట్లు. నేను పక్కన దుబాసీని. ఆయన మర్యాదస్తుడే. అంత పొగలో, చీకట్లో ఈ అమ్మాయి ఎక్కడుందో మీకు ఎట్లా తెలిసింది అని హిందీలో అడిగాడు. నేను తెలుగులో అడిగాను. అత్తమ్మ నా ముఖంలోకి చూడకుండా, కట్లను చూసుకుంటూ చెప్పింది.

"నా పక్కకెల్లి లేసి పోయింది కదా. పోతాంటే ఎనుకకెల్లి చూసుకుంట కూసున్న. తొమ్మిది కుర్చీలు దాటి ఎడమ దిక్కు కూసున్నది. అదే లెక్క."

అధికారి పెన్ను పట్టుకుని నా వైపు చూస్తున్నాడు. ఈ మాటను ఉన్నదున్నట్టు చెబితే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. పక్క నుంచి ఎందుకు లేచిపోయావు అంటాడు. నేను చెప్పాను, ఇత్తెఫాక్ అని. అనుకోకుండా, అదృష్టం కొద్దీ, చెయ్యి తగిలిందంట సార్ అని. ఆయన రాసుకున్నాడు. మర్నాడు పేపర్లో వచ్చిందీ అదే. నా మోకాళ్లు తొక్కిపోయిన పెద్దమనిషి మాత్రం తన ధైర్యసాహసాల గురించి ఒక కాలమ్ నిండా చెప్పుకున్నాడు, ఫోటోతో సహా.

అసలు సంగతి ఇంకా ఉంది. అధికారి లేవబోతుంటే మా అత్తమ్మ తల ఎత్తి, "సాబ్, జరా పానీ పిలావో" అన్నది.

అడిగింది ఆయన భాషలోనే. ఇరవై ఏళ్లుగా వరంగల్ బజారులో జంపఖానాలు కొనే సేట్లతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉర్దూలో బేరాలాడిన మనిషి. వాళ్లను ఉర్దూలోనే తిట్టి, ఉర్దూలోనే నవ్వించిన మనిషి. నాకు తెలియదా? ఆ మాటలు వింటూనే పెరిగాను. నేను హిందీలో ఫస్టు మార్కులు తెచ్చుకోవడానికి ఆమె చెవిలో పోసిన ఉర్దూయే పునాది. కానీ ఊరుగాని ఊళ్లో, ఆ తెల్లటి గదిలో, ఆమె చదువురానిది, నేను చదువుకున్నదాన్ని, ఆ రెండు ముక్కలే నాకు గుర్తున్నాయి. నేనన్న ప్రతి మాటా ఆమెకు అర్థమైంది. నన్ను అక్కడే నిలబెట్టి కడిగేయగలిగేది. నీళ్లు మాత్రం అడిగింది. నేను గ్లాసు పట్టుకుంటే తాగింది. చాలు బిడ్డా అన్నది.

ఇంటికి వచ్చాక చుట్టాలు గుచ్చి గుచ్చి అడిగారు, ఇద్దరు పక్కపక్కన కూర్చోలేదా అని. టికెట్లు అట్లనే ఇచ్చిండ్రు అని ఆమెనే చెప్పింది, నేను నోరు తెరవకముందే. బహుమతి జంపఖానా ఢిల్లీలో మా ఆఫీసుకు చేరలేదు, కారణం తెలియజేయండి అని తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. దానికి నేను రాసిన జవాబు ఇక్కడ రాసేది కాదు. చేతులు మానాయి గాని వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. ఒకరోజు మగ్గం మీద చాలాసేపు తడిమి తడిమి, "పోగు తెలుస్తలేదే" అన్నది, అంతే. ఆ తర్వాత కొన్నాళ్లకు మగ్గం విప్పి అటక మీద పెట్టించింది. ఆమె పోయి కూడా చాలా ఏళ్లయింది. ప్రపంచంలో అందరితో వాదన పెట్టుకునే నేను, ఆమె బతికున్నంత కాలం ఆ ఒక్క మాట ఎత్తలేదు. ఇన్నేళ్లు కాలేజీలో హిందీ చెప్పాను, అనువాదంలో మాట మార్చి రాసిన పిల్లలకు దయ లేకుండా మార్కులు కోశాను. అదృష్టం అన్నవాళ్ల మీద ఒంటికాలి మీద లేచాను. ఆ మాట మొదట పలికిన నోరు నాది.

తమ్ముడికి మళ్లీ ఫోను చేసి ఇదంతా చెప్పాను. ఆ పేపరు ముక్క పారెయ్యనా అక్కా అన్నాడు. ఉంచు, దాని వెనక నేను చెప్పింది రాసిపెట్టు అన్నాను.

ఇప్పుడు మా పాత వీధిలో మగ్గం చప్పుడు లేదు. విమానాలు మాత్రం ఆటోలంత మామూలయ్యాయి. పోయిన నెల ఒక సదస్సుకు విమానంలో పోయాను. ఎయిర్ హోస్టెస్ బెల్టు చూపిస్తుంటే ఒక్కరూ తల ఎత్తలేదు, అందరి ముఖాలూ ఫోన్లలోనే. నేను మాత్రం కళ్లు మూసుకుని పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. పక్కన కూర్చున్న అమ్మాయి ముఖం చిట్లించి, కాసేపటికి లేచి ముందు ఖాళీ సీటులోకి పోయింది. నాలుగు కుర్చీలు దాటి, కుడి దిక్కు. లెక్కపెట్టుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, నేను ఎన్నో కుర్చీలో కూర్చున్నానో వెనక నుంచి లెక్కపెట్టుకునే మనిషి నాకు ఇప్పుడు లేదని.