సవుకు తోపులో కళ్ళాపి

మా మనవరాలు కాలేజీ చదువు కోసం మా సవుకు తోపులో, అదే సరుగుడు తోటలో, ప్లాస్టిక్ పైపు ముక్కలు బారుగా నాటింది. నేల ఊపిరి కొలవడానికట. నేను మూడో తరగతి దాటనిదాన్ని.

"నేలకు ముక్కు యాడుందే?" అని అడిగాను.

"నేలంతా ముక్కే అవ్వా!" అని నవ్వింది. చెట్ల వేర్లూ, రాలిన ఆకును తినే కంటికి కనపడని పురుగులూ విడిచే గాలి మట్టిలోంచి పైకి వస్తుందట. పైపు మీద మిషను బోర్లిస్తే అదెంతో తెలుస్తుందట. ఎండను బట్టి, తడిని బట్టి, కింద పడిన ఆకును బట్టి ఆ ఊపిరి మారుతుందట.

మిషను వాళ్ళ టీచరమ్మది. కొండల మీది పైను చెట్ల అడవులకు తీసుకుపోయేది. మాకు ఒక్క రోజే తెస్తానంది. వానలు రాకముందే ఎండిన నేల లెక్క ఆ రోజు దొరక్కపోతే పిల్ల చదువు సగంలో నిలిచిపోతుంది. అందుకే నేను కూడా నీళ్ళ పొయ్యిలోకి సవుకు ఆకు ఊడ్చుకోవడం మానేశాను. ఊరికే రాలే ఆకును వదిలేసి కట్టెలు కాల్చడం నాకెంత కష్టమో ఆ దేవుడికే తెలుసు.

ఆ పొద్దున పిల్ల టీచరమ్మ కోసం తిరువళ్ళూరు స్టేషనుకు పోయింది. నేను తోపులోకి వెళ్తే, మా కోడలు బక్కెట్టుతో పేడనీళ్ళు చల్లుతోంది! ఇంటిముందు చల్లినట్టే చల్లుకుంటూ పైపుల వరసలో సగం దాకా వచ్చేసింది.

"ఏందే ఇది, తోపుకు కళ్ళాపా?"

"టీచరమ్మ వస్తావుంటే దుమ్ములో నిలబెట్టేదా అత్తా? మన మర్యాద ఏం గావాల?"

"మీ పుట్టినూరు తిరుత్తణిలో నీళ్ళు ఊరికే వస్తాయేమో! ఈడ మోటరు ఆడాల. పెట్టు కిందికి!"

బక్కెట్టు లాక్కున్నాను. అప్పుడు నా మనసులో ఉన్నది నీళ్ళ దండగే గానీ, నేల ఊపిరి కాదు.

పిల్ల వచ్చి చూసి అట్లే కూలబడింది. "అమ్మా! ఎండిన నేల కావాలంటే పేడనీళ్ళు పోసినావా?" కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

టీచరమ్మ మాత్రం తోపంతా చూసి, "ఈ పక్క ఎందుకు తడవలేదు?" అని తమిళంలో అడిగింది.

"నేనే చల్లనీలేదు. నీళ్ళు ఊరికే వస్తాయా?" అన్నాను.

ఆమె పకపకా నవ్వి, ముందు పొడి పక్క మిషను పెట్టింది. అంకె తిరుత్తణి కొండ మెట్లెక్కే ముసలమ్మలా మెల్లగా పెరిగింది. పిల్లకు కావలసింది అదే. తర్వాత తడి పక్క పెడితే, అదే అంకె బడి విడిచిన పిల్లకాయలా పరుగెత్తింది! ఎండకు నిద్రపోయిన పురుగులు తడి తగలగానే లేచి తిండికి పడతాయనీ, పైను అడవిలోనూ తొలి వానకు ఇంతేననీ టీచరమ్మ చెప్పింది. దీంట్లో పేడ బలం కూడా ఉంది కాబట్టి వాన లెక్కలో కలపకుండా వేరుగా రాసుకోమంది. మనవరాలి మొహం వెలిగిపోయింది.

"చూసినారా అత్తా, నేను చల్లబట్టే గదా ఈ వింత!"

"నేను ఆపబట్టే గదా అసలు లెక్క!"

"వానకాలంలో మళ్ళా కొలవాల. ఇద్దురూ తోపులో కాలు పెట్టొద్దండి!" అని కసిరింది పిల్ల.

సరేనన్నాను. బక్కెట్టులో మిగిలిన పేడనీళ్ళు తెచ్చి కరివేపాకు చెట్టు మొదట్లో పోశాను. దాని కింద నేల కూడా కాస్త ఊపిరి తీసుకోనీ.