వీరరాఘవరావు గోల్డ్ స్టార్

గల్ఫ్‌లో రువైస్ చమురు రిఫైనరీలో పనిచేసే వీరరాఘవరావు కుర్రతనంలో మద్రాసు దగ్గర షోలవరంలో మోటారుసైకిలు పందేలకు దిగినవాడు. ఒక్కసారీ గెలవలేదు. బండి నాసిరకం అని చెప్పుకునేవాడు.

యాభై దాటాక ఆ సాకు పోయింది. స్వదేశం వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర, తనకంటే పదేళ్ళు పెద్దదైన బి.ఎస్.ఎ. గోల్డ్ స్టార్ అనే పేరుమోసిన మోటారుసైకిలు దొరికింది. రెండేళ్ళు కంపెనీ క్వార్టర్స్ వెనక షెడ్డులో దాన్ని పందెపు బండిగా మలిచాడు. లైట్లు, అద్దాలు పీకేశాడు. కార్బురేటర్ మార్చాడు. బరువు తగ్గాలని బ్రేకు పెడలుకు కూడా చిల్లులు పొడిచాడు.

"చిల్లులతో ఎంత తగ్గిందండీ?" మూడో పెసరట్టు వడ్డిస్తూ అడిగింది భార్య పద్మజ.

"నూటయాభై గ్రాములు!"

ఆవిడ అతని పొట్టవైపు చూసి పెనం కింద మంట ఆర్పేసింది.

ఇంజను చప్పుడులో తేడా పట్టాలంటే దూరంగా నిలబడి వినాలి. పరాయివాళ్ళను బండిమీద చెయ్యి వెయ్యనిచ్చే మనిషి కాడు. తణుకులో నాన్న బుల్లెట్ మీద కాలేజీకి వెళ్ళిన పద్మజకే నడిపే పని పడింది. సెలవు రోజు పొద్దున్నే ఖాళీ స్థలంలో ఆవిడ నడిపేది, అతను కళ్ళు మూసుకుని వినేవాడు.

2023 జనవరిలో ఉమ్ అల్ క్వైన్‌లో ఒక పాత రన్‌వే మీద మలుపులు గీసి పాతకాలపు బండ్ల పందెం పెట్టారు. ముందుగా ఒక చుట్టు తిరిగి చూసుకోమన్నారు. హ్యాండిల్ మీదికి వంగితే వీరరాఘవరావు పొట్ట ట్యాంకుకు అడ్డుపడింది. ఎలాగో తిరిగొచ్చాడు గాని నడుం పట్టేసింది. ఇద్దరు పట్టుకుని దించారు.

"ఖలాస్ సార్, పేరు కొట్టెయ్యనా?" అన్నాడు పందెం నడిపిస్తున్న శ్యాంప్రసాద్.

"బండికేం కాలేదుగా, నేను తోలతాను," అంది పద్మజ.

"పందెం ఆషామాషీ కాదు పద్మా!"

"ఆ మాట రెండేళ్ళ కిందట చెప్పాల్సింది."

లైసెన్సు చూసి శ్యాంప్రసాద్ సరేనన్నాడు. చివరి మలుపుదాకా పద్మజ నాలుగో స్థానంలోనే ఉంది. కుర్చీలో వంకరగా కూర్చున్న వీరరాఘవరావు అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. చప్పుడు దగ్గరవుతుంటే ఉండబట్టలేక తెరిచాడు. తాను తయారుచేసిన బండి పరిగెత్తడం అతను చూడటం అదే మొదలు. ఒకటి, రెండు, మూడు బండ్లు వెనకబడ్డాయి. గెలుపు గీత ముందు దాటింది గోల్డ్ స్టారే. నడుం సంగతి మరిచి లేచి అరిచి, మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

"ఎలా ఉంది బండి?" పద్మజ దిగి రాగానే అడిగాడు.

"రెండో గేరు కొంచెం గట్టిగా ఉందండీ."

మర్నాడే గేరు సరిచేశాడు. పనిలో పనిగా కాళ్ళు పెట్టుకునే కడ్డీలు ఆవిడ ఎత్తుకు సరిపోయేలా జరిపాడు. ఎవరైనా అడిగితే, తన నడుం కోసమేనంటాడు.