సగం కోడికి ఎన్ని పాయింట్లు?

కాల్చిన కోడిని గణిత సూత్రమనుకుని, దాన్ని నలుగురికీ ఉదాహరణలతో సహా వివరించిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే జర్మనీలోని బ్యోబ్లింగెన్ వచ్చి మా ఇంటి గంట కొట్టండి. తలుపు తీసేది ఆయనే. ఆ రోజు నేను చేసిన ఘనకార్యం తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు ఎర్రబడతాయి, మా ఆవిడ విజయకు పొలమారుతుంది.

కరోనా మొదటి లాక్‌డౌన్ రోజులవి. అంతకుముందు మా స్నేహితులం కొందరం ప్రతి శనివారం సాయంత్రం ఫాంటసీ క్రికెట్ ఆడేవాళ్ళం. తెలియనివారి కోసం చెబుతాను. నిజం ఆటగాళ్ళలోంచి మనకు నచ్చినవాళ్ళతో ఒక ఊహా జట్టు కట్టుకుంటాం. వాళ్ళు మైదానంలో కొట్టిన పరుగులు, తీసిన వికెట్లు మన ఖాతాలో పాయింట్లవుతాయి. చెమట వాళ్ళది, గర్వం మనది. పాయింట్ల లెక్క నాది. నేను లెక్కలు ఏ కాలేజీలోనూ చదవలేదు. పేపర్లో వచ్చే స్కోరుకార్డుల మీద కుస్తీ పట్టి సొంతంగా నేర్చుకున్నాను. "ఈయన కూరలో ఉప్పు కూడా గత వారం సగటు చూసుకునే వేస్తారు" అంటుంది విజయ. అబద్ధం. ఉప్పుకి కనీసం నెల సగటు కావాలి.

క్రికెట్ ఆగిపోయింది. శనివారం వీడియో కాల్ మాత్రం మిగిలింది. పిండి ఎక్కడ దొరుకుతోంది, టాయిలెట్ పేపర్ ఎక్కడ దొరకడం లేదు అన్న రెండు విషయాలూ అయిపోయాక ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చునేవాళ్ళం, డాక్టరు కోసం ఎదురుచూసే రోగుల్లాగా.

ఒక శనివారం యాదగిరి మెల్లగా అన్నాడు, "అన్నా, వచ్చే వారం సంది నేను రాను."

యాదగిరి దూరంగా వాల్డార్ఫ్ అనే ఊళ్ళో ఉంటాడు. భార్య, పిల్లలు పెళ్ళికని హనుమకొండ వెళ్ళారు. ఇంతలో విమానాలు ఆగిపోయాయి. మూడు గదుల ఫ్లాటులో ఒక్కడే చిక్కుకుపోయాడు.

"అదేంటయ్యా, ఎందుకు రావు?"

"ఏం మాట్లాడుకుంటం అన్నా? ముచ్చట్లన్ని ఒడిసినయ్. మీరు కాల్ కట్ చేస్తె పక్కన మనుషులుంటరు. నేను కట్ చేస్తె గోడ ఉంటది."

కాల్ అయ్యాక విజయ నా ఎదురుగా నిలబడి, "అతను బ్రెడ్డు తిని గోడతో కాపురం చేస్తున్నాడు. ఈ కాల్ కూడా మానేస్తే మనిషేమైపోతాడండీ? ఏదో ఒకటి చేయండి" అంది.

చేశాను. అసలీ ఫాంటసీ ఆటలు ఇంత పెద్దగా పాకింది అమెరికా బేస్‌బాల్ నుంచేనని ఎక్కడో చదివాను. ఆ ఫాంటసీ ఆట ఎలా పుట్టిందో చెప్పే డాక్యుమెంటరీ ఒకటి కంటబడింది. అందరికీ అది చూపించి, మోజు పుట్టించి, క్రికెట్ స్థానంలో బేస్‌బాల్ పెట్టి లీగ్‌ని బతికించాలి. యాదగిరికి ఫోన్ చేసి, "ఈ ఒక్క శనివారం రా. పాయింట్ల లెక్క పుట్టిన రహస్యం చూపిస్తాను. నచ్చకపోతే మానేద్దువుగాని" అన్నాను.

"సరే అన్నా. ఈ ఒక్కసారికి."

సినిమా జర్మన్‌లో మాత్రమే ఉంది. మా అమ్మాయి సాహితికి పదమూడేళ్ళు. జర్మన్‌లోనే కలలు కంటుంది.

"అమ్మా సాహితీ, కాస్త పక్కన కూర్చుని తెలుగులో చెప్తావా?"

"నైన్, పాపా. నాకు మాథే హోమ్‌వర్క్ ఉంది." నైన్ అంటే కుదరదని, పాపా అంటే నాన్న అని, మాథే అంటే లెక్కలని.

సరే, నేను లేనా? జర్మన్ బి వన్ పరీక్ష పాసైనవాణ్ణి. ఎన్ని మార్కులతో అని మాత్రం అడక్కండి.

శనివారం వచ్చింది. స్క్రీన్ షేర్ చేశాను. యాదగిరి వచ్చాడు గాని, బస్సు రాగానే లేచిపోయేవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. మా ఊళ్ళోనే ఉన్నా తెరమీదే కలిసే ప్రసాద్ దంపతులు పకోడీల పళ్ళెంతో తయారయ్యారు.

"మూర్తిగారూ, బేస్‌బాల్ అంటే మన బిళ్ళంగోడు లాంటిదేనా?" అన్నాడు ప్రసాద్.

"చూడండి, మీకే తెలుస్తుంది."

ఏం తెలుస్తుంది, నా తలకాయ! బ్యాటు లేదు, బంతి లేదు, అంకె అసలే లేదు. కొందరు ముసలాయనలు హోటల్లో బల్ల చుట్టూ కూర్చుని ఈ ఆలోచన ముందు నాదంటే నాదని వాదించుకుంటున్నారు. మధ్యలో విగ్గులు పెట్టుకున్న నటులు ఆ ముసలాయనల కుర్రతనాన్ని నటిస్తున్నారు. సాంబారు ఎలా కాచారో చెప్పమంటే వంటవాడి పెళ్ళి ఆల్బమ్ తెచ్చి చూపించినట్టుంది. యాదగిరి ఆవలించాడు.

అప్పుడు వినిపించింది. బల్ల దగ్గర ఒకాయన "హల్బెస్ హేన్షెన్" అన్నాడు. సగం కోడి! వెంటనే సినిమా ఆపేశాను.

"విన్నారా? సగం కోడి అన్నాడు."

"హోటల్లో కూర్చున్నవాడు కోడి అనక ఏమంటాడండీ?" అన్నాడు ప్రసాద్.

జాలిగా నవ్వాను. "ప్రసాద్‌గారూ, క్రికెట్‌లో డక్ అంటే ఏమిటి?"

"సున్నా."

"బ్యాట్స్‌మన్ డకౌట్ అయినప్పుడు పిచ్ మీద బాతు ఎక్కడుందని వెతికామా?"

ప్రసాద్ పకోడీ నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. "అవును సుమండీ! మరి బేస్‌బాల్‌లో కోడంటే?"

ఆ సాయంత్రం మొదటిసారి యాదగిరి నోరు విప్పాడు. "ఒకటా, అన్నా?"

ఆ గొంతులో ఆసక్తి విని నేను నేల మీద నిలవలేకపోయాను. "శభాష్! బాతు సున్నా, కోడి ఒకటి. సగం కోడంటే అర పాయింటు." ఇంకో రెండు నిమిషాలు నడిపి మళ్ళీ ఆపాను. "చూశారా, ఈయన నిండు కోడి అన్నాడు. పూర్తి పాయింటు. పక్కాయన పొమ్మెస్‌తో సహా అంటున్నాడు."

"పొమ్మెస్ అంటే ఆలుగడ్డ ఫ్రైస్ కద అన్నా?"

"మాటకి అర్థం అదే. ఆటలో మాత్రం బోనస్ అన్నమాట!"

"మరి లెగ్ పీసుకు?"

"అది ఇంకా చెప్పలేదు. ఓపిక పట్టు."

బల్లకి అవతల హోమ్‌వర్క్ చేసుకుంటున్న సాహితి పెన్సిల్ ఆగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను.

"పాపా..."

"ఆగమ్మా, సూత్రం వస్తోంది."

"పాపా, డీ ఎస్సెన్ నూర్! వాళ్ళు తింటున్నారు, అంతే. ఆ రెస్టారెంట్‌లో కోళ్ళు కాలుస్తారు. దాని పేరే గేమ్‌కి పెట్టుకున్నారు. ప్లే చెయ్యి, చూడు."

ప్లే నొక్కాను. వెయిటర్ వచ్చి బల్ల మీద ఒక పళ్ళెం పెట్టాడు. అందులో అర పాయింటు, నిగనిగలాడుతూ. పక్కనే బోనస్.

అటువైపు ఏదో కూలిన చప్పుడైంది. యాదగిరి తెరమీద లేడు. కుర్చీ కనిపిస్తోంది, నవ్వు వినిపిస్తోంది. ఎంతసేపటికో కళ్ళు తుడుచుకుంటూ పైకి తేలాడు. "అన్నా, ఎన్ని దినాలైందో ఇట్ల నవ్వక!"

సినిమా అయిపోయింది. సూత్రం రాలేదు. ఎవరి పేర్లో మాత్రం వరసగా పైకి వెళ్ళాయి. ఉన్న కాస్త పరువూ పోగుచేసుకుని, "సినిమా సంగతి వదిలేయండి, ఆట బంగారం. పాత సీజన్ల సగటులన్నీ తీసి ఉంచాను. వచ్చే వారం జట్లు కడదాం" అన్నాను.

"అన్నా, ఒక్క డౌటు," అన్నాడు యాదగిరి. "ఇప్పుడు అమెరికాల బేస్‌బాల్ ఆడుతున్నరా?"

సగటులు తీశాను గాని, అసలు ఆట జరుగుతోందా అన్నది చూసుకోలేదు!

"ప్రపంచమంతా ఇంట్లో కూర్చుంటే, వాళ్ళొక్కళ్ళూ ఏ వీధిలో ఆడతారండీ?" అంది వంటింట్లోంచి విజయ.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నా పరువు పోయిందని కాదు, దానికి అలవాటుంది. ఆ ఒక్కసారీ అయిపోయింది, యాదగిరి ఇక రాడు.

తర్వాతి శనివారం ఆశ లేకుండానే కాల్ తెరిచాను. అందరికంటే ముందే యాదగిరి ఉన్నాడు. మొహం కాదు, కెమెరా నిండా మూకుడు.

"అన్నా, వదినెకు ఫోన్ చేసి అడిగి వండిన. సగం కోడి! జర మాడింది. పాయింట్లు కట్ చేస్తవా?"

పెన్ను తీసుకుని, "మాడితే పావు పాయింటు కోత" అన్నాను.

"అన్యాయం! పొమ్మెస్ గూడ పెట్టిన, సూడు."

"మా ఆవిడ నిండు కోడి చేసింది," అని మధ్యలో దూరాడు ప్రసాద్. "మాకెంత?"

అలా మా లీగ్ మళ్ళీ లేచింది. మైదానాలు మూతపడితేనేం, వంటిళ్ళు తెరిచే ఉన్నాయి. యాదగిరి ఒక్క వారం కూడా తప్పలేదు. విమానాలు మొదలై పెళ్ళాంపిల్లలు తిరిగొచ్చాక అతని భార్య నుంచి నాకు ఫోనొచ్చింది. "అన్నా, ఈయన కోడికూర వండి ముందల వెట్టి, మంచిగున్నదా అని అడుగుతలేడు, ఎన్ని పాయింట్లు అని అడుగుతున్నడు. ఏం జెప్పాలె?"

"నిండు కోడి అని చెప్పమ్మా."

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట జర్మన్‌లో ఏ మాట చెవిన పడినా, అది తినేదా లెక్కపెట్టేదా అని మా అమ్మాయిని అడగనిదే పెదవి విప్పను. ఈ ప్రమాణం సాహితికి చదివి వినిపించాను. "మాల్ సేఎన్" అంది. అంటే, చూద్దాంలే అని.

ఈ అనువాదం సరైనదే. తననే అడిగాను.